సొంత కప్పు, సొంత కానుక: అమెరికా నల్లజాతి చర్చికి సమాజంలో అంత బలం ఎలా వచ్చింది?

అమెరికాలో ఎన్నికలు వచ్చాయంటే అభ్యర్థులు ఆదివారం ఉదయం నల్లజాతి చర్చిల్లో కనిపిస్తారు. జార్జియా సెనేటర్ రాఫెల్ వార్నాక్ అట్లాంటాలోని ఎబనేజర్ బాప్టిస్ట్ చర్చికి పాస్టర్ కూడా. 2021 జనవరిలో, మళ్లీ 2022 డిసెంబరులో గెలిచినా ఆయన ఆ బాధ్యత వదులుకోలేదు. 2025 వసంతంలో అదే నగరం పక్కనున్న మరో చర్చి పాస్టర్ 'టార్గెట్ దుకాణాల్లో కొనకండి' అని పిలుపునిస్తే దేశవ్యాప్తంగా వార్త అయింది. మతాన్ని, ప్రభుత్వాన్ని వేరుగా ఉంచాలనే దేశంలో చర్చికి ఓట్లతో, ఉద్యోగాలతో, దుకాణాలతో పనేమిటన్న సందేహం ఈ వార్తలు చదివే తెలుగువారికి, ముఖ్యంగా అమెరికాలో ఉంటున్నవారికి, రావడం సహజం.

సంక్షిప్తంగా: బానిసత్వం, ఆ తర్వాతి వర్ణ వివక్ష కాలంలో నల్లజాతీయులు తమ సొంతమని చెప్పుకోగలిగిన పెద్ద సంస్థ చర్చి ఒక్కటే. భవనం వారిది, డబ్బు వారిది, నాయకుణ్ణి ఎన్నుకునేదీ జీతమిచ్చేదీ వారే. బోధతో పాటు ఈ సొంతదనమే చర్చిని బడిగా, బ్యాంకుగా, ఉద్యమ కార్యాలయంగా మార్చింది. ఇప్పుడు ఇతర సంస్థలు పెరిగాయి, యువత దూరమవుతోంది, పాత పేటలు ఖాళీ అవుతున్నాయి. దాంతో చర్చి పాత్ర తగ్గింది, రూపం మారింది.

### ఆస్తి కోసం మొదలైన పోరు

18వ శతాబ్దం చివర ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జ్ మెథడిస్ట్ చర్చికి తెల్లవారు, నల్లవారు కలిసే వచ్చేవారు. నల్లవారి సంఖ్య పెరిగేకొద్దీ వారిని వెనక్కి, పై వరుసలకు పంపడం మొదలైంది. ఒక ఆదివారం మోకాళ్లపై ప్రార్థనలో ఉన్న అబ్సలోమ్ జోన్స్‌ను చర్చి పెద్దలు లాగి లేపబోయారు. ప్రార్థన ముగియగానే జోన్స్, రిచర్డ్ అలెన్, వారితో వచ్చిన నల్లజాతీయులు బయటికి నడిచారు. అలెన్ బానిసగా పుట్టి, సొమ్ము చెల్లించి తన స్వేచ్ఛను కొనుక్కున్న మనిషి.

వీరిద్దరూ 1787లోనే ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే పరస్పర సహాయ సంఘం పెట్టారు. సభ్యులు నెలకో షిల్లింగు కట్టాలి. జబ్బుపడ్డవారికి, వితంతువులకు, తండ్రి లేని పిల్లలకు ఆ డబ్బు అందేది. 1793లో పచ్చజ్వరం ఫిలడెల్ఫియాను కబళించినప్పుడు ఈ సంఘం మనుషులు ఇల్లిల్లూ తిరిగి రోగులకు సేవ చేశారు, శవాలను పాతిపెట్టారు. ఆ సేవను డబ్బు కోసం చేశారని ఒక తెల్ల ప్రచురణకర్త నిందిస్తే, జోన్స్, అలెన్ కలిసి 1794లో లెక్కలతో సహా జవాబు అచ్చువేశారు. అదే ఏడాది అలెన్ సొంత స్థలంలో బెతెల్ చర్చి మొదలైంది.

అసలు గొడవ ఆ తర్వాతే వచ్చింది. భవనం కట్టింది నల్లవారే అయినా దాని మీద పెత్తనం తమదేనని తెల్ల మెథడిస్టులు వాదించారు. ఏళ్ల తరబడి సాగిన ఈ వివాదం పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు దాకా వెళ్లి, 1816లో బెతెల్ పక్షాన తేలింది. సరిగ్గా ఆ ఏడాదే అనేక నల్లజాతి సంఘాలు కలిసి ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిగా (ఏఎంఈ) ఏర్పడ్డాయి. అలెన్ దాని మొదటి బిషప్. కొత్త సిద్ధాంతం కోసం కాక, గౌరవం కోసం, భవనం మీద హక్కు కోసం పుట్టిన మతశాఖ ఇది. తర్వాతి రెండు వందల ఏళ్ల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలావరకు సరిపోతుంది.

దక్షిణాది పరిస్థితి వేరు. అక్కడ బానిసలు వినే ప్రసంగాల్లో 'యజమానులకు లోబడి ఉండండి' అనే మాటే ఎక్కువ. వెస్టిండీస్ బానిసల కోసమని 1807లో లండన్‌లో అచ్చయిన బైబిలులోనైతే ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు బయటపడిన నిర్గమకాండం కథనే తీసేశారు. అందుకే బానిసలు రాత్రిపూట అడవుల్లో, వాగుల పక్కన చాటుగా కూడుకునేవారు. అక్కడ ఆ నిర్గమకాండమే వారి ముఖ్యకథ. 1822లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, బానిసత్వం నుంచి విడుదలైన డెన్మార్క్ వీసీ అనే నల్లజాతీయుడి తిరుగుబాటు పన్నాగం బయటపడిందని చెప్పి ఆయనను ఉరితీశారు. ఆయన సభ్యుడిగా ఉన్న ఆఫ్రికన్ చర్చిని నేలమట్టం చేశారు. 1831లో నాట్ టర్నర్ అనే బానిస బోధకుడు వర్జీనియాలో తిరుగుబాటు చేశాక, నల్లవారు బోధించరాదని అక్కడ చట్టం వచ్చింది. నలుగురు నల్లవారు ఒక కప్పు కింద చేరడాన్ని అప్పటి పాలకులు ఎంత ప్రమాదంగా చూశారో ఈ చట్టాలే చెబుతాయి.

### బడి, ఓటు, పేరు

1865లో బానిసత్వం రద్దయ్యాక లక్షలమంది తెల్లవారి చర్చిలు వదిలి సొంత సంఘాలు కట్టుకున్నారు. వాటిలో పగలు బడి నడిచేది. నేటి మోర్‌హౌస్ కాలేజీ 1867లో జార్జియాలోని అగస్టాలో స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్ట్ చర్చిలో మొదలైంది. స్పెల్మన్ మహిళా కాలేజీ 1881లో అట్లాంటాలోని ఫ్రెండ్‌షిప్ బాప్టిస్ట్ చర్చి నేలమాళిగలో పుట్టింది. 1870లో అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి నల్లజాతీయుడు హైరమ్ రెవెల్స్ ఏఎంఈలో దీక్ష పొందిన బోధకుడే. కాబట్టి వార్నాక్ పాస్టర్‌గా ఉంటూ సెనేట్‌కు వెళ్లడం కొత్త పోకడ కాదు.

1877 తర్వాత దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా నల్లవారి ఓటు హక్కును లాగేసుకున్నాయి. ఆ తర్వాత దాదాపు మూడు తరాలపాటు అక్కడి నల్లజాతీయుల్లో చాలామందికి ఓటు వేసే అనుభవం దొరికింది చర్చిలోనే. డీకన్ల (పాస్టర్‌కు తోడుగా చర్చి పనులు చూసేవారి) ఎన్నిక, కోశాధికారి లెక్కలు, మహాసభల్లో తీర్మానాలు, వాటిమీద వాదోపవాదాలు అన్నీ అక్కడే. ఊరంతా పేరుతో పిలవని మనిషికి, పగలు ఎవరింట్లోనో అంట్లు తోమే మనిషికి, ఆదివారం 'సిస్టర్', 'డీకన్' అనే గౌరవం ఉండేది. రోజంతా అవమానాలు భరించేవారికి ఆ పిలుపు చిన్న విషయం కాదు.

### మాంట్‌గోమరీ: యంత్రాంగం ఎలా నడిచింది

చర్చి బలం ఎలా పనిచేస్తుందో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణలో స్పష్టంగా కనబడుతుంది. 1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం, ఏఎంఈ చర్చి సభ్యురాలైన రోజా పార్క్స్ బస్సులో తెల్ల ప్రయాణికుడి కోసం సీటు వదలనందుకు అరెస్టయ్యారు. ఆ రాత్రే మహిళా రాజకీయ మండలి నాయకురాలు, కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ చేయించారు. శుక్రవారం సాయంత్రం డెక్స్‌టర్ ఎవెన్యూ బాప్టిస్ట్ చర్చిలో పాస్టర్లు, పౌరసంఘాల నాయకులు సమావేశమయ్యారు. ఆదివారం ఆరాధనల్లో పిలుపు వినిపించింది. సోమవారం ఉదయం బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఆ రాత్రి హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో వేలమంది చేరి, బహిష్కరణ కొనసాగించాలని నిర్ణయించారు. పత్రికలు, రేడియో తెల్లవారి చేతిలో ఉన్న ఊళ్లో నాలుగు రోజుల్లో ఒక సమాజం మొత్తానికి ఒకే మాట అందిందంటే, ప్రతి వారం తప్పకుండా జరిగే ఆరాధనే దానికి దారి.

నాయకత్వం పాస్టర్ల చేతికి ఎందుకు వెళ్లిందన్నదానికి ఆర్థిక కారణం ఉంది. నల్లజాతి టీచరు జీతం తెల్ల అధికారుల చేతిలో, పనిమనిషి కూలి యజమానురాలి చేతిలో ఉండేవి. ఎదురు తిరిగితే మర్నాడే ఉద్యోగం పోతుంది. పాస్టర్‌కు జీతమిచ్చేది సంఘం. డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చి పాస్టర్, 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్‌ను బహిష్కరణ నడపడానికి పెట్టిన కొత్త సంస్థకు అధ్యక్షుడిగా ఎన్నుకోవడానికి ఆయన వాక్చాతుర్యం ఒక కారణమైతే, ఊరికి కొత్తవాడు కావడం, తెల్ల పెద్దల దగ్గర మొహమాటాలేవీ లేకపోవడం మరో కారణం.

ఆపై వాహనాల ఏర్పాటు. సుమారు మూడు వందల కార్లతో ఒక రవాణా వ్యవస్థ నడిచింది. చర్చిల పేర్ల మీద స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. వాటి ఇన్సూరెన్స్‌ను స్థానిక కంపెనీలు రద్దుచేస్తే లండన్‌లోని లాయిడ్స్ ద్వారా తెచ్చుకున్నారు. పెట్రోలుకు, మరమ్మతులకు డబ్బు వారంవారం చర్చి సభల్లో కానుకలుగా వచ్చేది. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కొందరు స్త్రీలను కూడగట్టి కేకులు, పైలు, భోజనాలు అమ్మి ఆ సొమ్ము ప్రతి సభలో అందించారు. ఇచ్చినవారి పేర్లు బయటపడితే ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఆ బృందానికి 'ఎక్కడిదో తెలియని క్లబ్బు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ తన ఉద్యోగం పోగొట్టుకున్నారు.

381 రోజుల తర్వాత బస్సుల్లో వివక్ష పోయింది. అయితే దాన్ని చట్టపరంగా కూల్చింది, బస్సుల్లో వివక్ష రాజ్యాంగ విరుద్ధమని తేల్చిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసు. ఆ తీర్పును అమెరికా సుప్రీం కోర్టు 1956 నవంబరు 13న ఖరారు చేసింది. అదే రోజు రాష్ట్ర కోర్టు ఈ కార్ల ఏర్పాటును నిషేధించింది. అంటే కోర్టు తీర్పు వచ్చేదాకా జనాన్ని నిలబెట్టి ఉంచడం చర్చి చేసిన పని. బహిష్కరణ ఒక్కటే గెలిపించిందనడం, కోర్టు ఒక్కటే గెలిపించిందనడం రెండూ సగం సత్యాలే.

ఈ పద్ధతికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. నల్లజాతి క్రైస్తవ వేదాంతి హోవార్డ్ థర్మన్ 1936లో బార్డోలీలో గాంధీని కలిశారు. జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు యువకుడు 1950లలో నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో మూడేళ్లు పనిచేసి, సత్యాగ్రహ పద్ధతులు చదువుకుని వెళ్లారు. 1960 నాటి నాష్‌విల్ విద్యార్థుల ఉద్యమానికి ఆయన చర్చి గదుల్లోనే శిక్షణ ఇచ్చారు. తిట్టినా, కొట్టినా, మీద ఏమి పోసినా చెయ్యెత్తకుండా ఎలా నిలబడాలో అక్కడ అభినయించి మరీ నేర్పేవారు.

### చెల్లించిన మూల్యం

చర్చి ఉద్యమానికి చోటిచ్చింది కాబట్టే దాడులకు గురైంది. 1963 సెప్టెంబరు 15న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో పెట్టిన బాంబు నలుగురు ఆడపిల్లలను చంపింది. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. 1990లలో దక్షిణాదిలో చర్చిల దహనాలు పెరగడంతో 1996లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్ ఎమాన్యుయేల్ ఏఎంఈ చర్చిలో బైబిలు అధ్యయనానికి కూర్చున్న తొమ్మిదిమందిని ఒక శ్వేతజాతి ఉన్మాది కాల్చి చంపాడు. చనిపోయినవారిలో పాస్టర్, రాష్ట్ర సెనేటర్ అయిన క్లెమెంటా పింక్నీ ఉన్నారు. 1822లో నేలమట్టమైన వీసీ చర్చికి వారసురాలు ఈ సంఘమే. ఆ తర్వాత నెల తిరక్కముందే, జులై 10న, సౌత్ కరోలినా శాసనసభ ఆవరణలోంచి కాన్ఫెడరేట్ జెండాను (బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండాను) దించారు.

### అందరూ నడవలేదు

నల్లజాతి చర్చి మొత్తం ఉద్యమంలో ఉందనుకోవడం పొరపాటు. చాలా సంఘాలు భయంతోనో, రాజకీయాలు మనకెందుకనో, పాస్టర్‌కు ఇష్టంలేకనో దూరంగా ఉన్నాయి. అతిపెద్ద శాఖ అయిన నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్ చట్టాన్ని ధిక్కరించే పోరాటాలను బహిరంగంగా వ్యతిరేకించారు. ఆ తగవు ముదిరి 1961లో కింగ్ మద్దతుదారులు ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పేరుతో విడిపోయారు.

స్త్రీల విషయం ఇంకా లోతైనది. సంఘాల్లో ఎక్కువమంది స్త్రీలే. కానుకలు పోగుచేసేది, వండి పెట్టేది, రోగుల ఇళ్లకు వెళ్లేది వారే. వేదిక మీద మాత్రం పురుషులు. కింగ్ నాయకత్వంలోని సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ కార్యాలయాన్ని నిలబెట్టిన ఎల్లా బేకర్ ఒక్క నాయకుడి మీద ఆధారపడే పద్ధతిని గట్టిగా విమర్శించి, 1960లో విద్యార్థుల సొంత సంస్థకు అండగా నిలిచారు. జెరీనా లీ అనే స్త్రీ బోధించడానికి రిచర్డ్ అలెన్ 1819లోనే అనుమతిచ్చినా, ఏఎంఈలో తొలి మహిళా బిషప్ వాష్టీ మెకెంజీ ఎన్నికైంది 2000లో. ఈ 181 ఏళ్ల ఆలస్యం చర్చి సొంత న్యాయబుద్ధికి పెద్ద మచ్చ. పాస్టర్ ఎవరికీ లొంగనవసరం లేని ఏర్పాటు బయటి పెత్తనం నుంచి కాపాడింది. లోపల ప్రశ్నించేవారు లేకుండా చేసింది కూడా అదే. 2021లో ఏఎంఈ పాస్టర్ల పదవీ విరమణ నిధిలో సుమారు 9 కోట్ల డాలర్లు గల్లంతైన సంగతి బయటపడినప్పుడు, జీవితమంతా సేవచేసిన వృద్ధ పాస్టర్లు నష్టపోయారు.

### కొనుగోలు శక్తి: 1960, 2025

ఉద్యోగాల విషయంలో గట్టి ఉదాహరణ ఫిలడెల్ఫియా జయన్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ లియాన్ సల్లివన్. 1960లో ఆయనతో చేతులు కలిపిన వందలమంది పాస్టర్లు టేస్టీ బేకింగ్ కంపెనీ సరుకు కొనవద్దని ఆదివారం ప్రసంగాల్లో చెప్పారు. నల్లవారికి డ్రైవర్-సేల్స్‌మెన్, ఆఫీసు ఉద్యోగాలు ఇవ్వాలన్నది డిమాండ్. కంపెనీ కొద్ది నెలల్లోనే దిగివచ్చింది. తర్వాత ఇతర కంపెనీల మీద అదే పద్ధతి వాడారు. ఉద్యోగాలు వచ్చాక వాటికి తగిన శిక్షణ లేదని తేలింది. దాంతో 1964లో పాడుబడిన ఒక జైలు భవనంలో శిక్షణ కేంద్రం తెరిచారు. అంతకుముందే 1962లో సభ్యులు నెలకు 10 డాలర్ల చొప్పున 36 నెలలు పెట్టుబడి పెట్టే పథకం మొదలైంది. ఆ డబ్బు పునాదిగా 1968లో ప్రోగ్రెస్ ప్లాజా అనే వాణిజ్య సముదాయం లేచింది. అలెన్ కాలపు షిల్లింగు చందాకు ఇది ఆధునిక రూపం.

2025లో టార్గెట్ మీద పిలుపును దీనితో పోల్చి చూడాలి. 2020లో మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక, అదే నగరంలో ప్రధాన కార్యాలయం ఉన్న టార్గెట్ నల్లజాతి వ్యాపారాలకు 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెడతామంది. 2025 జనవరిలో మాత్రం వైవిధ్య లక్ష్యాల కార్యక్రమాలను కుదించింది. న్యూ బర్త్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ జమాల్ బ్రయంట్ ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస దినాల్లో 40 రోజుల 'ఉపవాసం'గా ఆ దుకాణాలను మానుకోమన్నారు. మేలో అమ్మకాల తగ్గుదలకు కారణాలు చెబుతూ, జనవరి నిర్ణయంపై వచ్చిన స్పందన కూడా ఒకటని కంపెనీయే ఒప్పుకుంది. అయితే సల్లివన్ కాలంలో కంపెనీ ఒక ఊరిది, డిమాండ్ ఫలానా ఉద్యోగాలని లెక్కకు అందేది, వినియోగదారులు ఆ చర్చిల్లోనే కూర్చునేవారు. ఇప్పుడు కంపెనీ దేశమంతా ఉంది, కొనేవారు చెల్లాచెదురుగా ఉన్నారు, పిలుపు ఫోన్లలో తిరుగుతుంది. ప్రచారం వేగంగా సాగుతుంది కానీ ఫలితం ఎంతన్నది తేల్చడం కష్టం.

### ఓటు, ఆరోగ్యం

ఎన్నికల ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సభ్యులను బస్సుల్లో ముందస్తు పోలింగ్ కేంద్రాలకు తీసుకెళ్లే ఏర్పాటు చాలా రాష్ట్రాల్లో ఉంది. వారమంతా షిఫ్టుల్లో పనిచేసేవారికి అది ఎంతో ఉపయోగం. 2021లో జార్జియా ఎన్నికల చట్టం తొలి ముసాయిదాల్లో ఆదివారం ఓటింగ్‌కు కోతపెట్టే ప్రతిపాదన ఉండటంతో చర్చిలు తీవ్రంగా నిరసించాయి. తుది చట్టంలో ఆ కోత లేదు. పన్ను మినహాయింపు పొందే సంస్థలు అభ్యర్థికి మద్దతు ప్రకటించరాదని 1954 నుంచి నిబంధన ఉంది. ఓటు వేయమని చెప్పడానికి, సమస్యలపై మాట్లాడటానికి ఆ నిబంధన అడ్డు కాదు.

ఆరోగ్యం విషయంలో చర్చి విలువ నమ్మకంలో ఉంది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా ప్రభుత్వ ఆరోగ్యశాఖ 'అధ్యయనం' చేసింది. ఆ గాయం వల్ల, ఇప్పటికీ ఉన్న వివక్ష అనుభవాల వల్ల ఆసుపత్రులపై అనుమానం మిగిలింది. అందుకే బీపీ, షుగర్ పరీక్షలు, 2021లో కోవిడ్ టీకాలు చర్చి హాళ్లలో ఇచ్చినప్పుడు జనం వచ్చారు. ఎయిడ్స్ విషయంలో మాత్రం చాలా సంఘాలు సిగ్గుతో, రోగులను తప్పుపట్టే ధోరణితో ఏళ్ల తరబడి మౌనం పాటించాయి. 1989లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పెర్నెసా సీల్ అనే స్త్రీ చర్చిలను ప్రార్థన వారానికి కూడగట్టాక ఆ మౌనం కొంత వీడింది. అప్పటికే చాలా ప్రాణాలు పోయాయి.

### ముందేమిటి

అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో ప్రచురించిన సర్వే ప్రకారం, సమానత్వం దిశగా నడవడంలో నల్లజాతి చర్చిలు ఎంతో కొంత తోడ్పడ్డాయని 77 శాతం నల్లజాతి వయోజనులు అన్నారు. వృద్ధుల కంటే యువతలో ఏ మతశాఖకూ చెందమనేవారు చాలా ఎక్కువని, యువత నల్లజాతి సంఘాలకు వెళ్లడం కూడా తక్కువని అదే సర్వే చూపింది. 2013లో మొదలైన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ('నల్లవారి ప్రాణాలకూ విలువుంది') ఉద్యమం చర్చి కప్పు కింద పుట్టలేదు. దాన్ని మొదలుపెట్టిన ముగ్గురూ స్త్రీలు. స్త్రీలకు, స్వలింగ సంపర్కులకు పాత సంఘాల్లో దొరకని చోటు అక్కడ దొరికింది. ఈ దూరాన్ని యువత భక్తి తగ్గిందన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం సరికాదు. నల్లజాతీయులకు ఇప్పుడు కాలేజీలు, యూనియన్లు, చట్టసభల్లో సభ్యులు, సొంత మీడియా ఉన్నాయి. ఇవి రావడానికి చర్చి చేసిన కృషి ఎంతో ఉంది. అవి వచ్చాక ప్రతిదానికీ చర్చి తలుపే తట్టే అవసరం తగ్గింది.

ఇంకో ఒత్తిడి నేలది. వాషింగ్టన్, హార్లెమ్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో అద్దెలు పెరిగి సభ్యులు శివార్లకు వెళ్లిపోయారు. ఆదివారం దూరం నుంచి కారులో వచ్చి వెళ్లే సంఘానికి, చుట్టుపక్కల వీధుల సమస్యలతో పాత బంధం ఉండదు. సభ్యులు తగ్గి, భవనం మరమ్మతుల భారం పెరిగి కొన్ని సంఘాలు స్థలాన్ని బిల్డర్లకు అమ్ముకున్నాయి. మరికొన్ని దానిమీదే ఇళ్లు కట్టిస్తున్నాయి. న్యూయార్క్‌లోని తూర్పు బ్రూక్లిన్‌లో 1980లలోనే నల్లజాతి చర్చిలు కీలకంగా ఉన్న కూటమి నెహెమ్యా పేరుతో సామాన్యులు కొనగలిగే ఇళ్లు వేలల్లో కట్టించి దారి చూపింది. కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టం, మతసంస్థలు తమ స్థలాల్లో తక్కువ ఆదాయం వారికి ఇళ్లు కట్టడానికి ఉన్న జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనల) అడ్డంకులను తగ్గించింది. పెద్ద పార్కింగ్ స్థలం, చిన్న సంఘం ఉన్న చర్చిలకు ఇది నిజమైన అవకాశం. కానీ కట్టడానికి అప్పు తేవాలి, నిర్మాణం తెలిసినవారు కావాలి, బిల్డరుతో ఒప్పందంలో భూమి చేజారకుండా చూసే లాయరు కావాలి. పెద్ద సంఘాలకు ఇవి అందుబాటులో ఉన్నాయి. వీధి మూలన యాభై మందితో నడిచే చర్చికి ఇంకా లేవు.